ఏది చాటవలెను, ఏది వడగట్టవలెను?

1991వ సంవత్సరం జూన్ 26వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలోను, దానిని ఆనుకొని ఉన్న రాష్ట్రాలలోను లక్షలాది టెలిఫోనులు ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయినవి. అదే రోజున, రెండువేల మైళ్ళకు పైబడిన దూరంలో, లాస్ ఏంజెలెస్ నగరంలోనూ అదే వింత జరిగినది. జూలై 1వ తేదీన పిట్స్‌బర్గ్ వంతు వచ్చినది. ఎక్కడా తీగలు తెగలేదు, తుపాను రాలేదు, విద్యుత్తు ఆగలేదు. వేర్వేరు కంపెనీలు నడిపే టెలిఫోను వ్యవస్థలు ఒకే వారంలో, ఒకే తీరున కుప్పకూలడానికి కారణమేమిటని వెదుకగా, ఆ అన్వేషణ టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లేనో పట్టణానికి వచ్చి ఆగినది.

నేడు ఉత్తర టెక్సస్ తెలుగువారికి ప్లేనో అనగానే పిల్లల బడులు, పెద్ద పెద్ద కార్యాలయాలు, వారాంతపు సాంస్కృతిక కార్యక్రమాలు గుర్తుకు వస్తాయి. ఆనాటి టెలిఫోను పరిశ్రమలో ఆ ఊరి పేరు డి.ఎస్.సి. కమ్యూనికేషన్స్ అను సంస్థ వలన ప్రసిద్ధం. పొరుగున ఉన్న రిచర్డ్‌సన్ ‘టెలికాం కారిడార్’గా పేరు పొందుతున్న కాలమది, తెలుగు ఇంజనీర్లు పలువురు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడినది ఆ పరిశ్రమ పిలుపు మీదనే. డి.ఎస్.సి. వారు తయారుచేసిన యంత్రాలను తెలుగులో ‘సంకేత బదిలీ కేంద్రాలు’ అనవచ్చును. ఒకరు టెలిఫోనులో నెంబరు నొక్కినపుడు, వారి మాటలు వెళ్ళే దారి వేరు. ఆ పిలుపును ఏ దారిన పంపవలెనో ఎక్స్చేంజీలు తమలో తాము చెప్పుకొనే దారి వేరు. ఈ రెండవ దారిలో నడిచే చిన్న చిన్న సంకేతాలను అందుకొని, తగిన చోటికి బదిలీ చేయడమే ఆ యంత్రాల పని. అందులో ఏదైనా ఒకటి జబ్బుపడితే, తన పరిస్థితిని తోటి యంత్రాలకు సంకేతాల ద్వారా తెలియజేస్తుంది. వినడానికి ఇది ఎంతో సవ్యమైన ఏర్పాటు.

ఆ సంవత్సరం వసంతకాలంలో డి.ఎస్.సి. వారు తమ సాఫ్ట్‌వేరులో మూడు నాలుగు పంక్తులు మాత్రమే మార్చినారు. మార్పు చిన్నది గదా అని, మామూలుగా పదమూడు వారాలు పట్టే పరీక్షలను జరుపకుండానే దానిని వాడకందారులకు పంపినారు. ఆ మార్పులో ఒకచోట ‘డి’ అనే అక్షరం ఉండవలసిన చోట ‘6’ అనే అంకె పడినది. కంప్యూటరు భాషలో ‘డి’ అనగా 1101. 6 అనగా 0110. నాలుగు స్థానాలలో మూడు తారుమారైనవి. రద్దీ పెరిగినపుడు సంకేతాల జోరును తగ్గించవలసిన భాగం ఆ పొరపాటుతో పనిచేయకుండా పోయినది. ఒక యంత్రంలో చిన్న లోపం తలెత్తగానే అది తన బాధను తోటివారికి చాటడం మొదలుపెట్టినది. విన్నవి ఉక్కిరిబిక్కిరి అయి, అవి కూడా చాటడం మొదలుపెట్టినవి. అందరూ అరుస్తూ ఉండగా అసలు పిలుపుల సంగతి పట్టించుకొనే నాథుడు లేకపోయినాడు.

రసాయనశాలలో పనిచేసేవారికి ఈ వర్ణన పరిచితంగానే తోచును. వేడిని వెలువరించే చర్య ఒకటి నడుస్తున్నది. ఆ వేడి చర్యను మరింత వేగిరపరుస్తుంది. వేగిరపడిన కొలది మరింత వేడి పుడుతుంది. పాత్ర చుట్టూ చల్లని నీరు ప్రవహిస్తున్నంత కాలం ఏ ప్రమాదమూ లేదు. ఆ నీటిని ఆపివేస్తే, లోపలి పదార్థం మారకపోయినా పాత్ర పగులుతుంది. ప్లేనోలో పొరపాటున మూసినది ఆ నీటి కుళాయినే. డి.ఎస్.సి. ప్రతినిధులు అమెరికా కాంగ్రెసు ఉపసంఘం ఎదుట తమ తప్పును ఒప్పుకొన్నారు. టెలిఫోను సేవకు భారీ అంతరాయాలు కలిగినపుడు ప్రభుత్వానికి నివేదించి తీరవలెనన్న నిబంధన 1992లో వచ్చినది. డి.ఎస్.సి. సంస్థను 1998లో అల్కటెల్ కొన్నది. 2016లో అది నోకియాలో కలిసినది. యంత్రాలు మారినవి, పేర్లు మారినవి. సరకు కంటె సరకును గురించిన కబుర్లే వ్యవస్థను కూలదోయగలవన్న సంగతి మాత్రం మారలేదు. నేడు ఆ కబుర్లు నడిపే యంత్రం పేరు రౌటరు.

పిన్‌కోడు చెప్పే పాఠం

రౌటరు అనగానే చాలామందికి ఇంటిలో పుస్తకాల అర మీద మినుకు మినుకుమనే చిన్న పెట్టె గుర్తుకు వస్తుంది. అది ఆ జాతిలో పసిబిడ్డ. దానికి తెలిసిన దారులు రెండే: ఇంటి లోపలికి ఒకటి, బయటికి ఒకటి. బయటి ప్రపంచంలో, ఒక కంపెనీ వ్యవస్థకూ మరొక కంపెనీ వ్యవస్థకూ నడుమ సరిహద్దున నిలిచే రౌటర్లకు తెలియవలసిన దారులు పది లక్షల దాపున ఉన్నవి.

ఇన్ని దారులు ఎందుకో తెలియాలంటే తపాలా కార్యాలయాన్ని తలచుకొంటే చాలును. భారతదేశంలో 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడు ఆరంకెల సంఖ్య. మొదటి అంకె 5 అయితే దక్షిణాదిన తెలుగు, కన్నడ ప్రాంతాలు. 50 అయితే తెలంగాణ. 51 నుండి 53 వరకు ఆంధ్రప్రదేశ్. 520 అయితే విజయవాడ. ప్లేనోలో ఉత్తరం తీసుకొనే గుమాస్తాకు విజయవాడ ఎక్కడ ఉన్నదో తెలియనక్కరలేదు. ‘ఇండియా’ అన్న మాట చూసి ఒక సంచిలో వేస్తే చాలును. ఉత్తరం గమ్యానికి దగ్గరపడిన కొలది చూడవలసిన అంకెలు పెరుగుతాయి. ప్లేనో ఉత్తరాలకైనా ఇంతే: 7 అన్నది టెక్సస్, దాని పొరుగు రాష్ట్రాలు, 750 అన్నది డాలస్ శివార్లు, తరువాతి రెండంకెలలో ప్లేనోలోని ఏ పేటో తెలుస్తుంది.

ఇంటర్నెట్టు చిరునామా కూడా ఇటువంటిదే. పాత పద్ధతి చిరునామాలో 32 ద్వ్యంకాలు ఉంటాయి. ‘/22’ అని వ్రాస్తే మొదటి 22 ద్వ్యంకాలు ఒక్కటే అయిన 1024 చిరునామాల గుంపు అని అర్థం. ‘/24’ అనగా 256 చిరునామాల గుంపు. రౌటరు ఒక్కొక్క ఇంటిని గుర్తుపెట్టుకొనదు, గుంపులను గుర్తుపెట్టుకొంటుంది. ఇందులో ఒక కట్టుబాటు ఉన్నది. ఒకే చిరునామాకు రెండు దారులు సరిపడినపుడు, ఎక్కువ అంకెలు కలిసిన దారిదే గెలుపు. 52 సంచీ ఉన్నా, 520 అని ప్రత్యేకంగా మరొక సంచీ కనబడితే విజయవాడ ఉత్తరం అందులోకే పోవును. ఆ 520 సంచీని అక్కడ పెట్టినవాడు విజయవాడవాడేనా అని ఎవరూ అడుగరు. ఈ కట్టుబాటు వలన కలిగిన మేలూ ఎక్కువే, కీడూ ఎక్కువే.

మరి దారులు రౌటరుకు ఎవరు చెబుతారు? కొన్ని దానికి నేరుగా తగిలించిన తీగల వలన తెలుస్తాయి. కొన్నింటిని ఇంజనీరు చేతితో వ్రాసిపెడతాడు. తక్కినవన్నీ పొరుగు రౌటర్లు చాటింపు వేయగా విన్నవే. ఒకే యాజమాన్యం లోపల ఈ చాటింపులకు ఓ.ఎస్.పి.ఎఫ్. వంటి పద్ధతులు ఉన్నవి. అక్కడ అందరూ ఒకే ఇంటివారు కనుక ఎవరి మాటనైనా నమ్ముతారు. ఒక యాజమాన్యానికీ మరొక యాజమాన్యానికీ నడుమ వాడేది బి.జి.పి. అనే పద్ధతి. ప్లేనోకు దక్షిణంగా రెండువందల మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న ఆస్టిన్ నగరంలో, 1989 జనవరిలో జరిగిన ఇంటర్నెట్టు ఇంజనీర్ల సమావేశంలో, సిస్కో సంస్థకు చెందిన కిర్క్ లాహీడ్, ఐ.బి.ఎం.కు చెందిన యాకొవ్ రెఖ్టర్ భోజనాల బల్ల దగ్గర చేతిరుమాలు కాగితాల మీద దీని స్వరూపాన్ని గీసినారు. ఆ సంవత్సరం జూన్ నాటికి అది ప్రమాణ పత్రంగా వెలువడినది. అప్పటి అవసరానికి తాత్కాలికమైన ఉపశమనంగా భావించినది నేటికీ ప్రపంచాన్ని మోస్తున్నది. పొరుగువాడు అబద్ధం చెప్పవచ్చునన్న ఊహ ఆ కాగితాలపై లేదు. ఆనాడు ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది మాత్రమే ఉన్నారు. ఆ ఊహ వారికి రాకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

రెండు ద్వారాలు

అందుచేత అపనమ్మకాన్ని ఇంజనీరు తన చేతితో చేర్చవలసి వచ్చినది. రౌటరుకు ఉన్న ప్రతి పొరుగువాని వద్దా రెండు ద్వారాలు ఉంటాయి. అతని నుండి లోపలికి వచ్చే చాటింపులకు ఒకటి. తన నుండి అతనికి వెళ్ళే చాటింపులకు మరొకటి. ప్రతి ద్వారం వద్ద ఒక జాబితా వ్రేలాడదీస్తారు. జాబితాలో వరుస సంఖ్యలు ఉంటాయి: 10వ వరుస, ఫలానా గుంపును అనుమతించుము, 20వ వరుస, ఫలానా దానిని తిరస్కరించుము. పై నుండి క్రిందికి చదువుతూ, మొదట ఏ వరుసతో పొత్తు కుదిరితే ఆ తీర్పే ఖాయం. ఆ తరువాతి వరుసలను చూడరు. జాబితా చివర ఎవరూ వ్రాయకపోయినా ‘తక్కినవన్నీ తిరస్కరించుము’ అనే వరుస ఒకటి కంటికి కనబడకుండా ఉంటుంది. ఇది తెలియని కొత్తవారు, ఒక్క గుంపును ఆపుదామని ఒక్క తిరస్కారపు వరుస వ్రాసి ఊరుకొంటారు. మరుక్షణం దారులన్నీ మాయమవుతాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉరి మరొకటి: కొన్ని రౌటర్లలో ద్వారం వద్ద జాబితా పేరు వ్రాసి, ఆ జాబితాను తయారుచేయడం మరచిపోతే, లేదా పేరులో ఒక అక్షరం తప్పితే, ద్వారం బార్లా తెరిచినట్లే. అక్షర దోషం వలన కలిగే అనర్థాలకు 1991తోనే తెర పడలేదన్నమాట.

‘వడపోత’ అన్న మాట రసాయనశాస్త్రం నుండి అరువు తెచ్చుకొన్నదే గాని, పోలిక పూర్తిగా కుదరదు. వడపోత కాగితం పరిమాణం చూసి ఆపుతుంది. లోపలికి పోయేది ఉప్పో పంచదారో దానికి పట్టదు. రౌటరు వడపోత పేరు చూస్తుంది, గుంపు పరిమాణం చూస్తుంది, ఆ చాటింపు ఎవరెవరి చేతులు దాటి వచ్చినదో చూస్తుంది, దానికి అంటించిన గుర్తు చీటీని చూస్తుంది. అవసరమైతే చాటింపును కొద్దిగా మార్చి పంపుతుంది: ఈ దారి నాకు ఇష్టమని, ఆ దారి ఆపద్ధర్మానికి మాత్రమేనని. జీవకణపు పొర కొన్ని అయాన్లను పోనిచ్చి, కొన్నింటిని ఆపి, కొన్నింటిని కష్టపడి మోసుకుపోయే తీరుకు ఇది దగ్గర.

ఏది చాటవలెనన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు, డబ్బు ప్రశ్న కూడా. ఈ వ్యాపారంలో సంబంధాలు స్థూలంగా మూడు విధాలు: డబ్బిచ్చే ఖాతాదారు, డబ్బు పుచ్చుకొనే సరఫరాదారు, ఇచ్చిపుచ్చుకోలు లేని సమానుడు. ఖాతాదారు దారులను అందరికీ చాటవచ్చును. వారి రాకపోకలకు డబ్బు ముడుతుంది గనుక. సరఫరాదారు వద్ద విన్న దారులను ఖాతాదారులకు మాత్రమే చాటవలెను. ఒక సరఫరాదారు వద్ద విన్నదానిని మరొక సరఫరాదారుకు చాటరాదు.

ఈ చివరి సూత్రం ఎందుకో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. రెండు కాలువల నడుమ ఉన్న చేను ఒకటి ఉన్నదనుకొందాం. ఒక కాలువలో నీరు అందనపుడు రెండవ దాని నుండి పెట్టుకోవచ్చునని రైతు రెండింటికీ తూములు పెట్టుకొన్నాడు. ఇది వివేకమే. కాని, రెండు తూములూ తెరిచి, చేని నడుమ గట్టుకు గండి కొడితే, ఒక కాలువ నీరంతా అతని చేనిమీదుగా రెండవ కాలువలోకి పోతుంది. పైరు మునుగును, దిగువవారికి నీరందదు. ఇద్దరు సరఫరాదారుల నుండి ఇంటర్నెట్టు కొనుక్కొన్న ప్రతి కంపెనీ అటువంటి చేనే. బయటి ద్వారం వద్ద ‘నా సొంత గుంపులు తప్ప మరేదీ చాటకుము’ అన్న నాలుగు వరుసల జాబితాయే ఆ గట్టు.

2019 జూన్ 24న పిట్స్‌బర్గ్‌కు చెందిన లోహపరిశ్రమ ఒకటి, అలెఘెనీ టెక్నాలజీస్, సరిగ్గా అటువంటి చేనైనది. దానికి ఇద్దరు సరఫరాదారులు: డి.క్యూ.ఇ. అను ప్రాంతీయ సంస్థ, వెరైజన్. డి.క్యూ.ఇ. వారు తమ లోపలి వాడకం కోసం, ఇతరుల పెద్ద గుంపులను చిన్న గుంపులుగా చీల్చి చూపే సాధనం ఒకటి వాడుతున్నారు. ఆ కల్పిత దారులు ఖాతాదారుకు చేరినవి. ఖాతాదారు రౌటరు వాటిని వెరైజన్‌కు చాటినది. వెరైజన్ వాటిని అడ్డగించక లోకానికంతటికీ చాటినది. చిన్న గుంపుదే గెలుపు గనుక, క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ వంటి సంస్థలకు పోవలసిన రాకపోకలు కొంతమేరకు ఉక్కు, టైటానియం తయారుచేసే ఒక కంపెనీ రౌటరు వైపు మళ్ళినవి. క్లౌడ్‌ఫ్లేర్ తన మొత్తం రాకపోకలలో ఒక దశలో 15 శాతం దాకా కోల్పోయినట్లు ప్రకటించినది. ఇందులో లోహపరిశ్రమను నిందించడం న్యాయం కాదు. ఇంటర్నెట్టు దాని వృత్తి కాదు. కోట్లాది ఖాతాదారులున్న సంస్థ తన లోపలి ద్వారం వద్ద ‘ఈ ఖాతాదారు నుండి ఇన్ని దారులకు మించి వస్తే సంబంధం తెంచివేయుము’ అన్న ఒక్క వరుస వ్రాసి ఉంటే, వ్యవహారం అక్కడితో ముగిసేది. ఆ వరుస వ్రాయడానికి అయ్యే ఖర్చు సున్న.

ఇటువంటి గండ్లు భారతదేశంలోనూ పడినవి. 2015 మార్చి 12న హాత్‌వే సంస్థ, గూగుల్ నుండి సమాన హోదాలో విన్న మూడువందల పైచిలుకు దారులను తన సరఫరాదారైన భారతీ ఎయిర్‌టెల్‌కు చాటినది. గూగుల్‌కు పోవలసిన రాకపోకలు దేశదేశాల నుండి హాత్‌వే తలుపు తట్టినవి. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా రౌటర్లు తమవి కాని ముప్పైవేలకు పైగా గుంపులను తమవేనని చాటినవి.

పొరపాటు కాక, ఉద్దేశంతోనే వేసిన చాటింపు గీత దాటిన కథ 2008 ఫిబ్రవరి 24 నాటిది. యూట్యూబును తమ దేశంలో ఆపవలెనని పాకిస్తాన్ ప్రభుత్వం ఆజ్ఞాపించగా, పాకిస్తాన్ టెలికాం వారు యూట్యూబుకు చెందిన ‘/22’ గుంపులో నుండి ఒక ‘/24’ ముక్కను తమదేనని దేశం లోపల చాటినారు. లోపలికే పరిమితం కావలసిన ఆ చాటింపు బయటి ద్వారం దాటి హాంగ్‌కాంగ్‌కు చెందిన పి.సి.సి.డబ్ల్యు. సంస్థకు, అక్కడి నుండి ప్రపంచానికి పాకినది. రెండు గంటలకు పైగా ఎందరో వాడకందారులకు యూట్యూబు అందకుండా పోయినది. యూట్యూబు వారు చేసిన ప్రతిక్రియ ముచ్చటైనది: మొదట తామూ అదే ‘/24’ను చాటినారు, చాలక, దానిని రెండు ‘/25’ ముక్కలుగా కోసి చాటినారు. తక్కువ గుంపుదే గెలుపన్న కట్టుబాటుతో పడిన ముడిని ఆ కట్టుబాటుతోనే విప్పచూచినారు. చివరకు పి.సి.సి.డబ్ల్యు. ఆ తప్పు దారులను తొలగించిన మీదటనే పూర్తిగా ఊరట కలిగినది.

చాటింపు ఎక్కువైతేనే కాదు, మానివేసినా ప్రమాదమే. 2021 అక్టోబరు 4వ తేదీ సోమవారం, ప్లేనోలో ఉదయం పదిముక్కాలు, హైదరాబాదులో రాత్రి తొమ్మిదింబావు కావస్తున్న వేళ, వాట్సాప్ మూగవోయినది. ఒక నిర్వహణ ఆజ్ఞ వలన ఫేస్‌బుక్ లోపలి ప్రధాన మార్గాలు తెగిపోగా, ఆ సంస్థ నామావళి యంత్రాలు తాము ఆరోగ్యంగా లేమని భావించి తమ చాటింపులను తామే ఉపసంహరించుకొన్నవి. సుమారు ఆరు గంటలపాటు ఆ చిరునామాలు లోకానికి లేనట్లే. ప్రవాస కుటుంబాలు ఎన్నో ఏండ్లుగా తల్లిదండ్రులతో మాటామంతీకి ఆ ఒక్క దారినే నమ్ముకొన్నవి. మామూలు ఫోను నెంబరు కాగితం మీద వ్రాసుకొన్న ఇళ్ళు ఆ రోజు నయమనిపించుకొని ఉండును.

తీసివేసిన ఒక వడపోత

ఈ విషయమంతటిలో ప్రతి ఇంజనీరు క్షుణ్ణంగా తెలుసుకొనదగిన ఘట్టం కెనడాలో జరిగినది. 2022 జూలై 8వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున రోజర్స్ సంస్థ తన మూలవ్యవస్థను నవీకరిస్తున్నది. మొత్తం ఏడు దశల పని. అందులో ఇది ఆరవది. అయిదు దశలు నిర్విఘ్నంగా జరిగినవి. మొదట ‘అపాయం ఎక్కువ’ అని లెక్కగట్టిన పనిని, వరుస విజయాల కారణంగా, ఆ సంస్థ అపాయ గణన పద్ధతి ‘అపాయం తక్కువ’ స్థాయికి దించినది. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలెను. అయిదు పరీక్షనాళికలు పగలలేదు గనుక ఆరవదానిలోని వేరే చర్య కూడా పగలగొట్టదని ఏ రసాయనశాలలోనైనా ఎవరైనా అంటే, అతనిని ద్వారం వెలుపల నిలుపుతారు. ఆరవ దశలో చేసే మార్పు వేరు. తొలి అయిదింటి విజయం దాని విషయంలో ఏమీ చెప్పదు.

ఆ దశలో భాగంగా, పంపిణీ రౌటర్ల అమరిక నుండి ఒక వడపోత జాబితాను తీసివేసినారు. ఇంటర్నెట్టులోని లక్షలాది దారులు సరిహద్దు రౌటర్లకు తెలిసి ఉండవలెను గాని, లోపలి మూల రౌటర్లకు అవన్నీ అక్కరలేదు. వాటికి తమ ఇంటి దారులు తెలిస్తే చాలును. ఆ రెండు లోకాల నడుమ ఉన్న కట్ట ఆ జాబితా. కట్ట తెగగానే దారుల వరద మూల రౌటర్ల మీద పడినది. ప్రతి రౌటరుకూ ఇంత జ్ఞాపకశక్తి, ఇంత గణనశక్తి అని ఒక హద్దు ఉంటుంది. నిమిషాలలో ఆ హద్దు దాటి, మూల రౌటర్లు పనిచేయడం మానినవి. ఇన్నిన్ని దారులకు మించి స్వీకరింపవద్దన్న పరిమితి వాటి మీద లేదు.

సెల్‌ఫోను సేవ, ఇంటి ఇంటర్నెట్టు, కార్యాలయాల సేవ అన్నీ ఆ ఒక్క మూలవ్యవస్థ మీదనే నడుస్తున్నవి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఖాతాదారులకు సేవ ఆగినది. పూర్వస్థితి రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ పైన పట్టినది. దుకాణాలలో ఇంటరాక్ డెబిట్ చెల్లింపులు ఆగినవి. అంతకంటె ఘోరం 911 అత్యవసర పిలుపుల సంగతి. ఒక కంపెనీ టవరు పూర్తిగా ఆరిపోతే, ఫోను మరొక కంపెనీ టవరును వెదుక్కొని 911కు పిలుపు పంపగలదు. ఇక్కడ టవర్లు ఆరలేదు. వాటి వెనుక ఉన్న మూలవ్యవస్థ మాత్రమే చచ్చిపోయినది. ఫోనులు ఆ టవర్లనే పట్టుకొని వ్రేలాడినవి. పిలుపు ముందుకు పోలేదు. టొరంటో, బ్రాంప్టన్ ప్రాంతాలలో కాపురమున్న తెలుగు కుటుంబాలలో రోజర్స్ ఖాతా తప్ప మరొకటి లేని ఇంట, ఆనాడు ఒక పెద్దాయనకు గుండెనొప్పి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకొనవలసినదే.

మరమ్మతు చేయవలసిన ఇంజనీర్ల చేతులూ కట్టుబడినవి. రౌటర్లను దూరం నుండి చూడడానికి వారు వాడే నిర్వహణ దారి కూడా, కూలిపోయిన ఆ వ్యవస్థ మీదుగానే పోతుంది. వారి సొంత ఫోనులు రోజర్స్ ఫోనులే. ఏ మార్పు వలన ఇది జరిగినదో నిర్ధారించడానికే చాలా గంటలు పట్టినది. ఇంటి తాళంచెవిని ఇంటిలోనే పెట్టి తలుపు వేసుకొన్నట్లయినది. ఆ తరువాత కెనడా నియంత్రణ సంస్థ కోరగా జోనా పార్ట్‌నర్స్ అను సంస్థ విచారణ జరిపినది. దాని సారాంశం 2024 జూలైలో వెలువడినది. రోజర్స్ వారు సెల్‌ఫోను, ఇంటి సేవల మూలవ్యవస్థలను విడదీసే పనికి పూనుకొన్నారు. ప్రధాన టెలిఫోను సంస్థలు ఆపత్కాలంలో ఒకరినొకరు ఆదుకొనడానికి 2022 సెప్టెంబరులో ఒడంబడిక చేసుకొన్నవి.

ప్లేనోలో 1991లో జరిగినదానికీ, దీనికీ మధ్య ముప్పై ఒక్క సంవత్సరాలు. అక్కడ జోరును తగ్గించే భాగం పోయినది. ఇక్కడ కట్ట పోయినది.

నివారణోపాయాలు

అసలు ఏ జాబితా వ్రాయకపోతే ద్వారం తెరిచి ఉండవలెనా, మూసి ఉండవలెనా? చాలాకాలం తెరిచియే ఉండేది. 2017లో వెలువడిన ఒక ప్రమాణ పత్రం, పరాయి పొరుగువానితో సంబంధానికి స్పష్టమైన విధానం వ్రాయనిదే ఏ చాటింపూ వినరాదు, వేయరాదు అని నిర్దేశించినది. చూడడానికి స్వల్పమైన ఈ మార్పు, ఈ రంగంలో వచ్చిన మంచి మార్పులలో ముఖ్యమైనదని చెప్పవచ్చును. మరచిపోయినవాని మరపు ఇప్పుడు తలుపును మూసి ఉంచును గాని తెరువదు.

రెండవది సంతకాల పద్ధతి. ఫలానా గుంపును ఫలానా సంస్థ మాత్రమే తనదని చాటవచ్చునని, గుంపు యజమాని గూఢలిపి సంతకంతో ఒక ధ్రువపత్రం ప్రకటిస్తాడు. అందులో ఎంత చిన్న ముక్కలు చేయవచ్చునో కూడా వ్రాస్తాడు. రౌటరు ప్రతి చాటింపును ఆ పత్రాలతో సరిచూసి, పొసగనివాటిని త్రోసిపుచ్చుతుంది. 2008 నాటి యూట్యూబు ఉదంతం, 2021 నాటి వొడాఫోన్ ఐడియా ఉదంతం వంటివి దీనితో చాలావరకు ఆగుతాయి. 2024 మే నాటికి పాత పద్ధతి దారులలో సగానికి పైగా ఇటువంటి పత్రాలతో నమోదయినవి. అయితే ఈ పత్రం చెప్పేది సరకు ఎవరిదో మాత్రమే. అది ఏ చేలగట్లు తెంచుకొని వచ్చినదో చెప్పదు. హాత్‌వే చాటినవి నిజంగా గూగుల్ దారులే, సంతకాలన్నీ సరిపోవును. దారి పొడవునా ఎవరు ఎవరికి సరఫరాదారో నమోదు చేసి సరిచూసే పద్ధతి మీద ప్రమాణాల సంఘంలో కృషి సాగుతున్నది.

మూడవది ఏ ప్రమాణ పత్రానికీ ఎక్కని చేతివాటం. ఇటువంటి మార్పులు సాధారణంగా జనం నిద్రపోయే వేళ చేస్తారు. ప్లేనోలో వేసవి అర్ధరాత్రి అయినపుడు హైదరాబాదులో ఉదయం పదిన్నర. ఆ కారణం చేతనే ఈ పనులలో ఒక చివర ఇక్కడి తెలుగు ఇంజనీరు, మరొక చివర అక్కడి తెలుగు ఇంజనీరు ఉండడం ఏమంత అరుదు కాదు. దూరాన ఉన్న రౌటరుపై వడపోత మార్చేటపుడు, మార్చిన వడపోతయే తన దారిని కూడా కోసివేయవచ్చునని అనుభవం ఉన్నవారికి తెలుసును. అందుచేత కొన్ని రౌటర్లలో వారు ముందుగా ‘పది నిమిషాల తరువాత నీ అంతట నీవే తిరిగి మొదలుకమ్ము’ అని ఆజ్ఞ ఇచ్చి, ఆ పిదప మార్పు చేస్తారు. మార్పును భద్రపరచరు గనుక, తిరిగి లేచిన రౌటరుకు పాత జాబితాయే గుర్తుంటుంది. జూనిపర్ రౌటర్లలో ఇంతకంటె నాజూకైన ఏర్పాటు ఉన్నది. మార్పును ‘ధ్రువీకరణకు లోబడి’ అమలు చేయమంటే, అది వెంటనే అమలులోకి వస్తుంది. పది నిమిషాలలోపు ఇంజనీరు మరల వచ్చి ధ్రువీకరిస్తే నిలుస్తుంది. రాకపోతే, అతను రాలేకపోయినాడని గ్రహించి, రౌటరు పాత అమరికకు మరలిపోతుంది.